నక్కవాగులో మందుల మోతాదు

హైదరాబాద్‌కు వాయవ్యంగా, ముంబయి జాతీయ రహదారి పక్కన పటాన్‌చెరు పారిశ్రామికవాడ 1970ల్లో మొదలైంది. బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, గడ్డపోతారం దాని వెంటే పెరిగాయి. బాలానగర్‌లోని ప్రభుత్వ రంగ ఐడీపీఎల్ కర్మాగారంలో పని నేర్చిన రసాయన నిపుణులు అప్పటికే సొంత కంపెనీల బాట పట్టారు. మందుకు కాక తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చే 1970 నాటి చట్టం వారికి కలిసొచ్చింది. అలా ఇక్కడ పాతుకున్నది మాత్రలు చేసే పరిశ్రమ కాదు, మాత్రలోకి వెళ్లే ముడి మందు చేసే బల్క్‌డ్రగ్ పరిశ్రమ. కిలో మందు చేతికి రావాలంటే దానికి ఎన్నో రెట్ల ద్రావకాలు, ఆమ్లాలు, క్షారాలు ఖర్చవుతాయి. మందు లారీ ఎక్కుతుంది, మిగిలినదంతా ఇక్కడే ఉండిపోతుంది.

ఉండిపోయింది చెరువుల్లోకి, ఇసుకవాగులోకి, పాములవాగులోకి చేరింది. అక్కడి నుంచి నక్కవాగు మీదుగా మంజీరకు, ఆపైన గోదావరికి దారి ఉంది. వాగు కింద వరి పండించే ఊళ్లలో పొలాలు చౌడుబారాయి, బోర్ల నీళ్లకు రంగూ వాసనా వచ్చాయి. 1980ల్లోనే రైతులు ఆందోళనకు దిగారు. స్థానిక వైద్యుడు డాక్టర్ కిషన్‌రావు ఈ పోరాటానికి దశాబ్దాల పాటు గొంతుగా నిలిచారు. 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లిన వ్యాజ్యం 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు, తర్వాత జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు చేరి, 2017లో గానీ తీర్పు దాకా రాలేదు. కాలుష్యం మాత్రం వాయిదాలు అడగలేదు.

కోర్టుల ఒత్తిడి ఒకవైపు ఉండగానే, చిన్న కంపెనీల కోసం 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. సుమారు 90 కర్మాగారాల వ్యర్థజలాలు ట్యాంకర్లలో అక్కడికి చేరేవి. వాటిని మురుగునీటితో కలిపి, గాలి పంపి, బ్యాక్టీరియాతో కుళ్లబెట్టి బయటికి వదిలేవారు. సేంద్రియ పదార్థం ఎంత తగ్గిందో బీవోడీ, సీవోడీ పరీక్షలతో కొలిచేవారు. ఏ మందు ఎంత మిగిలిందో ఆ అంకెల్లో కనిపించదు. పైగా బీవోడీ పరీక్షే బ్యాక్టీరియా చేసే పని మీద నడుస్తుంది. నమూనాలో యాంటీబయాటిక్ ఎక్కువుంటే ఆ బ్యాక్టీరియా చస్తుంది, దాంతో మలినం ఉన్నదానికంటే తక్కువగా కనిపించే ప్రమాదం ఉంది.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోకిమ్ లార్సన్ బృందం మరో పరికరంతో వచ్చింది. ద్రవ క్రోమటోగ్రఫీ నీటిలోని పదార్థాలను విడదీస్తే, మాస్ స్పెక్ట్రోమెట్రీ ఒక్కోదాన్నీ దాని అణుభారాన్ని బట్టి గుర్తుపడుతుంది. శుద్ధి పూర్తయి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ (సిప్రో) అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో ఈ బృందం ప్రకటించింది. ఆ మందు వాడే రోగి రక్తంలో కూడా అంత గాఢత ఉండదు. రోజుకు ఇలా పోతున్న సిప్రో సుమారు 45 కిలోలని వారి లెక్క. అప్పటి స్వీడన్ దేశం మొత్తానికి అది 5 రోజుల వాడకం. నీటిలో మందుకు లొంగని నిరోధక బ్యాక్టీరియా పెరగకుండా ఉండాలంటే సిప్రో లీటరుకు 0.064 మైక్రోగ్రాములు మించకూడదని తర్వాత ఒక అంచనా వచ్చింది. పటాన్‌చెరు అంకె దానికి 4.8 లక్షల రెట్లు.

2009లో వెలువడిన అధ్యయనం ఇలాంటి మందులను చెరువుల్లోనూ ఊరిబావుల్లోనూ పట్టుకుంది. వాగు అడుగు మట్టిలో నిరోధక జన్యువులు దండిగా ఉన్నాయని 2011లో తేలింది. శుద్ధి కేంద్రంలోని బ్యాక్టీరియానే పరీక్షించినప్పుడు 86 శాతం రకాలు 20 లేదా అంతకు మించిన యాంటీబయాటిక్‌లకు లొంగలేదు. నీటిని శుద్ధి చేయాల్సిన తొట్టే మొండి బ్యాక్టీరియాకు నారుమడి అయిందన్నమాట. 2013 నాటి ఈ ఫలితం మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఇబ్బందికరమైనది.

నక్కవాగును తప్పించేందుకు 18 కిలోమీటర్ల పైపులైను వేసి, శుద్ధి చేసిన నీటిని నగర మురుగు వ్యవస్థలో కలిపి అంబర్‌పేట కేంద్రానికి మళ్లించారు. మంజీరకు ఊరట దొరికింది. కానీ మానవ మలంలోని బ్యాక్టీరియా, మందుల అవశేషం ఒకే కాలువలో కలిసి మూసీ దారి పట్టాయి. నిరోధకత విషయంలో ఇంతకంటే చెడ్డ కలయిక ఊహించడం కష్టం.

చుక్క నీరూ బయటికి వదలని పద్ధతి, పరిశ్రమ భాషలో జెడ్‌ఎల్‌డీ, దీనికి జవాబుగా వచ్చింది. లవణాలు ఎక్కువున్న వ్యర్థాన్ని వేరుచేసి, స్ట్రిప్పర్‌లో ద్రావకాలు తీసి, ఎవాపరేటర్లలో నీటిని ఆవిరి చేస్తారు. మిగిలిన ఉప్పు ముద్ద దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి వెళ్తుంది. లవణాలు తక్కువున్న నీటిని జీవశుద్ధి తర్వాత ఆర్‌వో పొరల గుండా పంపి కర్మాగారంలోనే తిరిగి వాడతారు. పద్ధతి గట్టిదే. అయితే ఆవిరికి బొగ్గు కావాలి, కరెంటు కావాలి. వాన కురిసే రాత్రి వాగులోకి వదిలేస్తే ఏ ఖర్చూ ఉండదు. అందుకే తనిఖీకి వచ్చిన రోజు తీసిన నమూనా కంటే, ఎంత సరుకు తయారైంది, దానికి ఎంత వ్యర్థం రావాలి, శుద్ధికి ఎంత చేరింది అన్న లెక్క ఎక్కువ నిజం చెబుతుంది.

మందును పుట్టినచోటే విరిచేయడం ఇంకా చవక. పెన్సిలిన్ జాతి క్షారంతోనో ఎంజైమ్‌తోనో విరిగిపోతుంది. సిప్రో అంత తేలిగ్గా లొంగదు, ఓజోన్ వంటివి కావాలి. బురదకు అంటుకుని ఏళ్ల తరబడి ఉండిపోయే గుణం కూడా దానిదే. కొత్త వ్యర్థం పూర్తిగా ఆగినా పాత చెరువుల అడుగు మట్టి మిగిలే ఉంటుంది. దాన్ని తవ్వితే సురక్షితంగా పూడ్చే చోటు వెతకాలి.

ఇక చట్టం సంగతి. వ్యర్థజలాల్లో ఒక్కో యాంటీబయాటిక్ ఎంత మించకూడదో చెబుతూ కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటిని పాటించాలని ఏ కంపెనీనీ నిర్బంధించే అధికారం ఆ సంస్థకు లేదు. లైసెన్సులో షరతుగా చేర్చాల్సింది కాలుష్య నియంత్రణ మండళ్లు, టెండరులో షరతుగా చేర్చగలిగింది మందులు కొనే ప్రభుత్వాలు, ఆసుపత్రులు.