సలహా ఉంది.. సంగతి లేదు!

శనివారం మ్యాచ్. అప్పటికే వరుసగా మూడు పోయాయి. ఇదీ పోతే ఉద్యోగం ఊడుతుంది. మేనేజరు తన అసిస్టెంటును సలహా అడిగాడు. "కుర్రాళ్లను కాస్త ఉత్సాహపరచండి" అన్నాడు అసిస్టెంటు. ఆట మొదలైంది. "వేగం పెంచితే బాగుంటుంది" అన్నాడు. అరగంట గడిచింది. "వేగం తగ్గిస్తే మేలు" అన్నాడు. పాము చావలేదు, కర్ర విరగలేదు. మ్యాచ్ మాత్రం పోయింది.

ఈ మేనేజరుకు మైదానం లేదు, క్లబ్బు లేదు. ఉన్నది ఇంట్లో ఒక కంప్యూటరు. అసిస్టెంటు ఆ కంప్యూటరులోని మనిషి. ఫుట్‌బాల్ మేనేజరు ఆటలకు అలవాటుపడిన వారెవరిని కదిపినా ఈ అసిస్టెంటు మీద ఒక కథ చెబుతారు.

ఈ ఆటలో బంతిని తన్నే పని ఉండదు. జట్టును ఎంపిక చేయడం, ఆటగాళ్లను కొనడం, అమ్మడం, వ్యూహం వేయడం, చివరికి విలేకరులకు జవాబు చెప్పడం వరకు పెత్తనమంతా ఆడేవాడిదే. 1982లో ఇంగ్లండులో కెవిన్ టామ్స్ అనే ఆయన 'ఫుట్‌బాల్ మేనేజర్' పేరుతో ఇలాంటి ఆట తయారు చేశాడు. అందులో సహాయకులెవరూ లేరు. అన్నీ మేనేజరే చూసుకోవాలి. పదేళ్ల తర్వాత, 1992లో, పాల్ కాలియర్, ఆలివర్ కాలియర్ అనే అన్నదమ్ములు ఇంట్లో కూర్చుని రాసిన 'ఛాంపియన్‌షిప్ మేనేజర్' బజారుకు వచ్చింది. తర్వాత వారి కంపెనీ స్పోర్ట్స్ ఇంటరాక్టివ్, దాన్ని అమ్మిపెట్టే సంస్థ విడిపోయాయి. పాత పేరు ఆ సంస్థకు పోయింది. అన్నదమ్ముల ఆట 2004 నుంచి 'ఫుట్‌బాల్ మేనేజర్' అయింది. టామ్స్ పెట్టిన పేరే మళ్లీ పైకి వచ్చిందన్నమాట!

పెద్ద కొలువే

నేడు ఆ ఆటలో మేనేజరు చుట్టూ పెద్ద కొలువే ఉంటుంది. అసిస్టెంటు మేనేజరు, కోచ్‌లు, ఊరూరా తిరిగి కుర్రాళ్లను వెతికే స్కౌట్లు, గాయాలు చూసే ఫిజియోలు, లెక్కలు కట్టే విశ్లేషకులు. ఒక్కొక్కరికి ఒక్కో విద్యలో 1 నుంచి 20 వరకు మార్కులు. ఆటగాడి సత్తా పసిగట్టడంలో ఒకడికి 17 ఉంటే ఇంకొకడికి 6 ఉంటుంది. ఆరు మార్కులవాడు చెప్పింది నమ్మి కోట్లు పోసి కొంటే ఆ తర్వాత నెత్తిన గుడ్డ వేసుకోవలసిందే.

ఇక్కడొక తిరకాసు ఉంది. ప్రతి ఆటగాడి అసలు సత్తా, రేపటి సత్తా ఆట లోపల 200 మార్కుల కొలతలో దాగి ఉంటాయి. ఆడేవాడికి అవి కనిపించవు. కనిపించేది సహాయకుడు ఇచ్చే నక్షత్రాలు. అవి కూడా సొంత జట్టుతో పోల్చి ఇచ్చేవే. పెద్ద క్లబ్బులో రెండు నక్షత్రాల కుర్రాడు చిన్న క్లబ్బుకు వెళితే అయిదు నక్షత్రాల వీరుడు. సరిగా తెలియని భాగాన్ని నల్ల నక్షత్రాలతో చూపిస్తారు. బలాలివి, లోపాలివి అని జాబితా కూడా ఉంటుంది. అంతవరకు నిజాయితీయే. అయితే ఎన్ని మ్యాచ్‌లు చూసి ఆ మాట అన్నాడు, ఏ సంఘటన చూసి భయపడ్డాడు అన్నది చెప్పే స్కౌటు లేడు.

తెలివి లేక చెప్పలేదనుకుంటే పొరపాటు. ఆట కోసం వెయ్యిమందికి పైగా మనుషులు దేశదేశాల్లో ఆటగాళ్లను గమనించి వివరాలు పంపుతారు. 2008లో ఇంగ్లండులోని ఎవర్టన్ క్లబ్బు ఆ వివరాల భాండాగారాన్ని తన స్కౌట్ల పనికి వాడుకునేలా ఒప్పందం చేసుకుంది. నిజం క్లబ్బు బొమ్మ క్లబ్బు చిట్టాలు తిరగేసిందన్నమాట. 2021లో వచ్చిన ఆటలో విశ్లేషకుల పటాలన్నీ ఒకచోట పేర్చి పెట్టారు. గోల్స్ ఎక్కడినుంచి పడుతున్నాయో, బంతి ఎక్కడ చేజారుతున్నదో అందులో చూడవచ్చు. సరుకు గోదాములో దండిగా ఉంది. కొట్టు మీద కూర్చున్నవాడికి అమ్మడం రాదు.

టేలర్ ఏం చేశాడు?

మంచి సహాయకుడు ఎలా ఉంటాడో చూడాలంటే ఇంగ్లండు ఫుట్‌బాల్ చరిత్రలోనే ఒక జంట ఉంది. మేనేజరు బ్రయాన్ క్లఫ్, సహాయకుడు పీటర్ టేలర్. 1972లో డెర్బీ కౌంటీని, 1978లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌ను లీగ్ విజేతలుగా నిలబెట్టారు. 1979, 1980లో ఫారెస్ట్ యూరోపియన్ కప్పు గెలిచింది. మధ్యలో 1974లో టేలర్ లేకుండా క్లఫ్ ఒక్కడే లీడ్స్‌కు వెళ్లాడు. 44 రోజుల్లో పంపించేశారు.

కెన్నీ బర్న్స్ కథ ఈ జంట గురించి తరచు చెప్పుకునేది. బర్న్స్ బర్మింగ్‌హామ్ సిటీలో గోల్స్ కొట్టేవాడు. మొరటువాడని పేరు. కుక్కల పందేల పిచ్చి ఉందని ప్రచారం. క్లఫ్‌కు ఇష్టం లేదు. టేలర్ ఊరుకోలేదు. ఎవరూ గుర్తుపట్టకుండా టోపీ పెట్టుకుని కుక్కల పందేలకు వెళ్లి, బర్న్స్ ఎంత కాస్తున్నాడో, ఎలా ఉంటున్నాడో స్వయంగా చూశాడట. తెలిసినంత ప్రమాదం లేదని తేల్చుకుని వచ్చి క్లఫ్‌ను ఒప్పించాడు. 1977లో బర్న్స్‌ను కొన్నారు. గోల్స్ కొట్టేవాణ్ని తెచ్చి రక్షణ వరుస మధ్యలో నిలబెట్టారు. 1978లో ఫుట్‌బాల్ రచయితలు ఆ ఏటి మేటి ఆటగాడిగా ఎంచుకున్నది అతణ్నే.

కంప్యూటరు స్కౌటయితే 'స్వభావం: అదుపు తక్కువ' అని ఒక ముక్క రాసి ఊరుకునేవాడు. టేలర్ మేనేజరు భయమేమిటో తెలుసుకున్నాడు. ఆ భయానికి జవాబు వెతికి తెచ్చాడు. కాదన్న మాటను గుర్తుంచుకుని, కొత్త సాక్ష్యంతో మళ్లీ వచ్చాడు.

ఆడేవాళ్లు కోరుతున్నదీ దాదాపు ఇదే. "కుడి వైపు బలపరచండి" అంటే చాలదు. గత అయిదు మ్యాచ్‌ల్లో పడిన గోల్స్‌లో ఎన్ని అటునుంచి వచ్చాయో పటం తెచ్చి ముందు పెట్టాలి. ఒకసారి వద్దన్న సలహాను మరుసటి సమావేశంలో అక్షరం పొల్లుపోకుండా మళ్లీ చదవకూడదు. పిల్లలను పైకి తెచ్చే మేనేజరు ముందు ముప్పయి అయిదేళ్లవాణ్ని కొందామని కూర్చోకూడదు. ఇద్దరు కోచ్‌లకు అభిప్రాయం కుదరకపోతే ఆ తగువు మేనేజరు చెవిన పడాలి. ముఖ్యంగా, సలహా విని ఓడిపోతే, మర్నాడు ఆ సంగతి ఒప్పుకునే మనిషి కావాలి. ఇన్ని వేల అంకెలను గుర్తుంచుకునే యంత్రానికి తాను నిన్న చెప్పిన మాట గుర్తుంచుకోవడం బరువేమీ కాదు.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. సహాయకుడు మరీ ఘటికుడైతే ఆడేవాడు చేయవలసింది ఏముంటుంది? తప్పు చేసే హక్కు కోసమే కదా ఆట! ఈ వాదంలో పస ఉంది. అందుకే సలహా ఎప్పుడూ సరైనదే కానక్కరలేదు. ఆరు మార్కులవాడు ఆరు మార్కుల మాటే చెప్పవచ్చు. తప్పు కారణమైనా సరే, కారణం చెబితే ఇతని లెక్క ఎక్కడ తప్పిందో ఆడేవాడు పట్టుకుంటాడు. అప్పుడు కోచ్‌ను మార్చడమా, మాట మార్చడమా అన్నది కూడా ఆటలో భాగమవుతుంది. ఊరికే తల ఊపే గంగిరెద్దుతో ఆ అవకాశం కూడా లేదు.

ఇప్పటికీ ఆటలో శిక్షణ, విలేకరుల సమావేశం, జట్టుతో మాటామంతీ దాదాపు అన్నీ సహాయకుల మీద వదిలేయవచ్చు. మేనేజరు సెలవు పెట్టి వెళ్లే సౌకర్యం కూడా ఉంది. ఆయన లేనన్నాళ్లు అసిస్టెంటే జట్టును దింపుతాడు, గెలుస్తాడు, ఓడుతాడు. సెలవు ముగించుకుని వచ్చిన మేనేజరుకు ఫలితాలు వరుసగా కనిపిస్తాయి. గోల్‌కీపరును ఎందుకు మార్చావని అడుగుదామంటే మాత్రం అసిస్టెంటు నోరు మెదపడు.