పక్కకు వాలని చక్రానికి ఏ టైరు?

వరదయ్యపాళెం మండలం చిన్నపాండూరులో అపోలో టైర్ల కర్మాగారం 2020 జూన్‌లో మొదలైంది. అప్పటికి ఆ ఊరు చిత్తూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. కార్లకూ లారీలకూ బస్సులకూ టైర్లు అక్కడే తయారవుతున్నాయి. కానీ అదే జిల్లాలో పాలడబ్బాలనో మామిడికాయల్నో బైకు వెనకాల రెండు చక్రాల ఇనుప ట్రాలీలో లాక్కుపోయే మనిషి కొత్త టైరు కావాలని అంగడికి పోతే, ఆ బండికంటూ చేసిన టైరు ఉండదు. అంగడాయన స్కూటర్ టైరో, ఆటో టైరో, మోటారుసైకిల్ టైరో చూపిస్తాడు. మూడూ గుండ్రంగానే ఉంటాయి, మూడింటిలోనూ గాలే ఉంటుంది. ఏదైతే ఏమనిపిస్తుంది. తేడా ఎక్కడుందో తెలియాలంటే ముందు ట్రాలీ చక్రం చేసే పని చూడాలి.

బైకు వెనక టైరుకు మూడు పనులు. బండిని ముందుకు తోయాలి, బ్రేకు వేస్తే ఆపాలి, మలుపులో బండితో పాటు పక్కకు వాలాలి. ట్రాలీ టైరుకు ఈ మూడూ లేవు. దానికి ఇంజనూ లేదు, మన దగ్గర చాలావాటికి బ్రేకూ లేదు. ఉన్న పనల్లా బరువు మొయ్యడం, నిటారుగా దొర్లడం. పట్టు, వేగం అంటూ ప్రకటనలు బైకు టైర్లను పొగిడే గుణాలన్నీ ఇక్కడ దాదాపు దండగ.

వాలడం సంగతి కాస్త వివరంగా చూద్దాం. మలుపులో బైకు లోపలికి వాలుతుంది. కిందికి లాగే బరువు, బయటికి తోసే ఒరవడి రెండూ కలిసిన బలం సరిగ్గా చక్రపు తలంలోనే పడుతుంది. పక్కనుంచి వంచే బలం చక్రానికి దాదాపు తగలదు. స్పోకుల చక్రం అంత సన్నగా ఉండి కూడా ఏళ్ల తరబడి నిలవడానికి కారణం ఇదే. బైకు టైరు నడినెత్తి గుండ్రంగా ఉండేది కూడా ఎంత వాలినా ఏదో ఒక భాగం రోడ్డుకు ఆనేందుకే.

ఇప్పుడు అదే చక్రాన్ని తీసుకెళ్లి ట్రాలీ ఇరుసుకు బిగించండి. రెండు చక్రాలు ఒకే ఇరుసు మీద ఉన్నాయి కాబట్టి అది వాలలేదు. పలమనేరు నుంచి దిగుతూ మొగిలి ఘాట్‌లో 20 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపును 30 కిలోమీటర్ల వేగంతో తిప్పారనుకుందాం. బరువులో మూడో వంతుకు పైగా బలం పక్కకు తోస్తుంది. ట్రాలీ మొత్తం 370 కిలోలుంటే దాదాపు 130 కిలోల తోపు అన్నమాట. బైకు వాలి తప్పించుకున్న ఈ తోపును ట్రాలీ చక్రం నిలబడి తింటుంది. స్పోకులు ఒక్కొక్కటిగా తెగడం, రిమ్ము ఎనిమిది తిరగడం అందుకే. తెగిన ప్రతిసారీ కొత్త స్పోకు వేయించుకుని వచ్చేవాళ్లున్నారు. అసలు లోపం స్పోకుది కాదు, దాన్ని పెట్టిన చోటుది. ఇక టైరు సంగతి చూస్తే, గుండ్రటి నెత్తి నిటారుగా దొర్లుతూ నడుమ ఒక్క పట్టీనే రోడ్డుకు ఆనిస్తుంది. నడుమ నున్నగా అరిగి, రెండు పక్కలా గీతలు కొత్తగానే మిగిలిన టైరు కనిపిస్తే అది ట్రాలీ టైరే అనుకోవచ్చు.

కాబట్టి స్పోకుల చక్రం కన్నా రేకు డిస్కు చక్రం మేలు. ఆటోకు వేసే 4.00-8 సైజు దీనికి బాగా కుదురుతుంది. ఆటో కూడా వాలని బండే. దాని టైరు నెత్తి బల్లపరుపుగా ఉంటుంది, పక్కగోడలు మందంగా ఉంటాయి. ఆటో ముందు చక్రానికి వేసే నిలువు గీతల టైరు మరీ మంచిది. గీతలు ప్రయాణం దిశలోనే ఉంటాయి కాబట్టి తేలిగ్గా దొర్లుతుంది. అడ్డగళ్ల టైరు ఇంజను తోసే చక్రానికి అవసరం గానీ లాగించుకునే చక్రానికి అక్కర్లేదు.

చిన్న చక్రానికీ ఒక లోటుంది. 4.00-8 టైరు చుట్టుకొలత 1.3 మీటర్ల లోపే. 18 అంగుళాల బైకు టైరుది దాదాపు 1.9 మీటర్లు. బైకు చక్రం ఒక కిలోమీటరుకు 530 సార్లు తిరిగితే చిన్నది 780 సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ టైరులో ప్రతి ముక్కా ఒకసారి నలిగి లేస్తుంది. నలిపేటప్పుడు ఇచ్చిన శక్తినంతా రబ్బరు తిరిగివ్వదు, కొంత వేడిగా మిగుల్చుకుంటుంది. గుంతలోనూ చిన్న చక్రం లోతుగా దిగుతుంది, ఎక్కేటప్పుడు గట్టిగా ఎగురుతుంది. పల్లె దారిలో నెమ్మదిగా పోయే బండికి ఇది పెద్ద ఇబ్బంది కాదు. హైవే మీద యాభైలో రోజూ తిరిగేవాళ్లు మాత్రం లెక్కలో పెట్టుకోవాలి.

"లావు టైరు ఎయ్యి సామీ, ఎంతైనా మోస్తాది" అంటారు అంగట్లో. మోసేది లావు కాదు, గాలి. గాలిని పట్టి ఉంచే సంచి మాత్రమే టైరు. ఒక చక్రం మీద 170 కిలోలు పడి, లోపల గాలి 30 పౌండ్లుంటే, అంటే చదరపు సెంటీమీటరుకు 2.1 కిలోలుంటే, టైరు నేలకు ఆనేది దాదాపు 80 చదరపు సెంటీమీటర్లు. వేళ్లు తీసేసిన అరచేయి అంత. గాలి 20కి దిగితే ఆ బరువునే మొయ్యడానికి 120 చదరపు సెంటీమీటర్లు కావాలి. అంత మేర నేలకు పరుచుకోవాలంటే పక్కగోడ ఇంకా వంగాలి. వంగితే వేడెక్కుతుంది, వేడెక్కితే నైలాన్ పొరలకూ రబ్బరుకూ మధ్య అతుకు వదులుతుంది. నాలుగు కిలోమీటర్లు పోయి ఆగి, రెండు టైర్ల పక్కగోడల మీద చేయి పెట్టి చూడండి. ఒకటి ఎక్కువ కాలుతుంటే దాంట్లో గాలి తక్కువని దాదాపు ఖాయం.

వేసవిలో దీనికి తలకిందులైన తప్పు జరుగుతుంది. పొద్దున 30 డిగ్రీల్లో 30 పౌండ్లు కొట్టించిన టైరు మధ్యాహ్నం రోడ్డు మీద 60 డిగ్రీలకు చేరితే మీటరు 34 దాటి చూపిస్తుంది. అది చూసి పగులుతుందేమోనని మళ్లీ 30కి వచ్చేదాకా గాలి వదిలేస్తారు. సాయంత్రం చల్లబడ్డాక ఆ టైరు 26కి పడిపోతుంది. టైరు చేసినవాళ్లు చెప్పే గాలి లెక్క చల్లటి టైరుకు, కాబట్టి కొలవడం కూడా చల్లగా ఉన్నప్పుడే.

ఇక టైరు పక్కగోడ మీది రాత. సైజు తర్వాత 48P లాంటిది ఒకటుంటుంది. అందులో అంకె బరువుకు, అక్షరం వేగానికి. 42 అంటే 150 కిలోలు, 48 అంటే 180, 52 అంటే 200, 56 అంటే 224. అంకె నేరుగా కిలోలు కాదు, పట్టికలో చూసుకోవాలి. J అంటే గంటకు 100 కిలోమీటర్లు, P అంటే 150. ట్రాలీకి J కూడా కావలసినదానికన్నా ఎక్కువే. అక్షరానికి డబ్బు పెట్టకుండా అంకెకు పెట్టాలి. 6PR అని ఉంటే లోపల ఆరు పొరలున్నాయని కాదు. పాతకాలపు ఆరు నూలు పొరలకు సమానమైన బలం ఉందని. ఇప్పటి నైలాన్‌లో పొరలు అంతకన్నా తక్కువే ఉండొచ్చు.

అంకె ఎంత కావాలో పాలబండితో లెక్క కట్టి చూద్దాం. 40 లీటర్ల డబ్బా నిండితే పాలే 41 కిలోలు, డబ్బాతో కలిసి యాభై దాకా. ఆరు డబ్బాలకు 300, ట్రాలీ 70. మొత్తం 370లో ఓ 30 కిలోలు బైకు కొక్కెం మీద పడితే ఒక్కో చక్రానికి 170. కాగితం మీద 48 చాలు. కానీ పైన చెప్పిన మలుపులో బయటి చక్రం మీద భారం పెరుగుతుంది. బరువు కేంద్రం 70 సెంటీమీటర్ల ఎత్తులో, రెండు చక్రాల నడుమ దూరం 110 సెంటీమీటర్లు ఉంటే ఆ క్షణానికి అది 250 దాటుతుంది. గుంతలు దీనికి అదనం. నిలకడ భారం మీద దాదాపు మూడో వంతు ఎక్కువ ఉండేట్టు, అంటే 56కు తగ్గకుండా చూసుకోవడం నా పద్ధతి.

అసలు ఆరు డబ్బాలు లాగడమే తగదని కూడా చెప్పాలి. బైకు 110 కిలోలు, వెనక బ్రేకు లేని 370. ఘాట్ దిగేటప్పుడు ఎవరు ఎవర్ని నడిపిస్తారో వేరే చెప్పక్కర్లేదు. బ్రిటన్‌లో 125 సీసీకి మించిన బైకు మాత్రమే ట్రాలీ లాగాలి. సరుకుతో కలిపి ట్రాలీ 150 కిలోలు గానీ, బైకు బరువులో మూడింట రెండొంతులు గానీ, ఏది తక్కువైతే అది దాటకూడదు. మన 100 సీసీ బండికి అక్కడ అర్హతే లేదు. మన 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం మోటారు బండి లాగే వాహనం ట్రైలరే, సైడ్‌కారు లాంటివాటికి మినహాయింపు. రిజిస్ట్రేషన్ అధ్యాయం ట్రైలర్లకూ వర్తిస్తుంది. వెల్డింగ్ షాపులో పుట్టిన ట్రాలీ ప్రమాదంలో ఇరుక్కుంటే బీమా వాళ్లు మొదట అడిగేది ఈ కాగితాలే. ఎంత మంచి టైరు వేసినా ఆ ప్రశ్నకు జవాబు కాదు.

తేదీ చూడకుండా మాత్రం టైరు కొనొద్దు. పక్కగోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. బైకు టైరు అరిగి చస్తుంది, ట్రాలీ టైరు ఎండి చస్తుంది. చిత్తూరు వైపు మామిడి కోత రెండు మూడు నెలలే. మిగతా కాలమంతా ట్రాలీ చింతచెట్టు కిందనో దొడ్డి వెనకాలో పడి ఉంటుంది. గాలిలోని ఓజోన్ రబ్బరును చీలుస్తుంది. దాన్ని అడ్డుకోడానికి టైరులో మైనం, కొన్ని రసాయనాలు కలుపుతారు. టైరు నలుగుతూ తిరుగుతుంటే అవి పైకి ఊరి రక్షణ పొరగా నిలుస్తాయి. కదలని టైరులో ఆ ఊట తగ్గుతుంది. అందుకే గీతలు లోతుగా, చూడ్డానికి కొత్తదిలా ఉన్న టైరుకే పక్కగోడ నిండా వెంట్రుకవాసి పగుళ్లు కనిపిస్తాయి. సగం ధరకు వస్తుందని సెకండ్‌హ్యాండు టైరు కొనేవాళ్లు గీతల లోతు చూసి మోసపోయేది ఇక్కడే. గోడను బొటనవేళ్లతో వంచి చూస్తే పగుళ్లు నోరు తెరుస్తాయి. కొత్త టైరైతే ఐఎస్ఐ గుర్తు పైన ఐఎస్ 15627 అన్న అంకె చూసుకోవాలి. రెండు, మూడు చక్రాల బండ్ల టైర్లకు పెట్టిన ప్రమాణం అది.

రెండు టైర్లూ ఒకేసారి, ఒకే సైజులో మార్చడం మంచిది. ఒకటి అరిగి ఒకటి కొత్తదైతే ఇరుసు ఒరుగుతుంది, సరుకు పల్లం వైపు జరుగుతుంది, బైకు హ్యాండిల్ ఒక పక్కకు లాగుతుంది. ట్యూబు కూడా టైరుతో పాటే కొత్తది వెయ్యాలి. సాగిన పాత ట్యూబు కొత్త టైరులో మడత పడి అక్కడే చీలుతుంది. సీజను అయిపోయాక సరుకంతా దించేసి, ఇరుసు కింద రాళ్లు పేర్చి చక్రాలు నేలకు తగలకుండా లేపి, ఎండ పడకుండా గోతాం కప్పితే ఒకేచోట నొక్కుకుపోయి చదునయ్యే బాధ ఉండదు. నల్లగా మెరవాలని డీజిల్ పూసే అలవాటు మాత్రం మానుకోవాలి. రబ్బరు దాన్ని పీల్చి ఉబ్బి మెత్తబడుతుంది.