రోహిణి కార్తెలోనూ వాడని పూలు

మే నెల, మధ్యాహ్నం ఒంటిగంట. బిలాస్‌పూర్ రైల్వే కాలనీ రోడ్ల మీద మనిషి కనిపించడు. అర్పా నదిలో నీటికంటే ఇసుకే ఎక్కువ. మా అమ్మ ఉండే ఇంటి మెట్ల మీద రెండు కుండీలున్నాయి. ఫిబ్రవరిలో విరగబూసిన పెట్యూనియా ఒకదాంట్లో ఎండుగడ్డిలా మిగిలింది. రెండోదాంట్లో నాచు పూలు గులాబీ, పసుపు రంగుల్లో పూర్తిగా విచ్చుకుని ఉన్నాయి. రెండింటికీ అదే మట్టి, అదే ఎండ, అవే నీళ్లు. అయినా ఒకటి ఎందుకు బతికింది, ఇంకొకటి ఎందుకు పోయింది?

మే 25 ప్రాంతంలో మొదలయ్యే మండుటెండల్ని ఛత్తీస్‌గఢ్ వాళ్లు 'నౌతపా' అంటారు. మనకు అదే రోహిణి కార్తె, రోళ్లు పగిలే కాలం. మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరితే భారత వాతావరణ శాఖ దాన్ని వడగాలిగా లెక్కిస్తుంది. బిలాస్‌పూర్‌లో మే నెలలో ఆ గీత దాటడం కొత్తేమీ కాదు. తరాలుగా రైల్వే ఉద్యోగాలతో ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామంది విశాఖ రైలెక్కి ఊరెళ్లినప్పుడు మొక్కలు తెచ్చుకుంటారు. అక్కడ పచ్చగా ఉన్న మొక్క ఇక్కడ వారం తిరక్కుండా వాడిపోతుంది. మా అమ్మ ప్రతి ఏడాదీ అది తన చేతి దోషమే అనుకునేది. అసలు కారణం గాలిలో ఉంది.

గాలి దాహం

గాలి ఎంత వేడెక్కితే అంత ఎక్కువ నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు. గాలిలో ఇప్పటికే ఉన్న ఆవిరికీ, అది ఇముడ్చుకోగలిగిన గరిష్ఠ ఆవిరికీ మధ్య ఉండే లోటును గాలి దాహం అనుకోవచ్చు. దీన్ని పీడనంగా కొలుస్తారు. విశాఖలో 35 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉంటే ఆ లోటు సుమారు 1.7 కిలోపాస్కల్‌లు. బిలాస్‌పూర్‌లో 44 డిగ్రీలు, 15 శాతం తేమ ఉన్న రోజున అది సుమారు 7.7. ఉష్ణోగ్రతలో తేడా తొమ్మిది డిగ్రీలే అయినా ఆకు నుంచి నీటిని లాగే బలం నాలుగున్నర రెట్లు పెరిగింది.

ఆకు కూడా ఒక కూలరే. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2.4 మెగాజౌళ్ల శక్తి కావాలి. అదే లీటరు నీటిని 20 డిగ్రీల నుంచి మరిగే దాకా వేడి చేయడానికి పట్టే శక్తికి ఇది ఏడు రెట్లు. ఆకుమీది సన్నని రంధ్రాల గుండా ఆవిరయ్యే నీరు ఈ వేడిని పట్టుకుపోతుంది. కానీ కూలర్‌లో గడ్డి తడిగా ఉన్నంతసేపే చల్లగాలి వస్తుంది. వేర్లు అంత వేగంగా నీరు అందించలేకపోతే ఆకు తన రంధ్రాలు మూసేసుకుంటుంది. దాంతో చల్లదనం ఆగుతుంది, కార్బన్ డయాక్సైడ్ రాక కూడా ఆగుతుంది. ఒకేసారి వేడీ ఆకలీ మీద పడతాయి.

రుబిస్కో పొరపాటు

చాలా మొక్కల్లో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే పని రుబిస్కో అనే ఎంజైముది. దానికి ఒక బలహీనత ఉంది. 25 డిగ్రీల దగ్గర కూడా సుమారు నాలుగైదు సార్లకు ఒకసారి అది కార్బన్ డయాక్సైడ్‌కు బదులు ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. ఆ తప్పును సరిదిద్దడానికి మొక్క శక్తి ఖర్చు చేయాలి. వేడి పెరిగేకొద్దీ ఈ పొరపాట్లు పెరుగుతాయి. సీ3 రకం మొక్కలన్నిటిదీ ఇదే కష్టం. పెట్యూనియా వాటిలో ఒకటి.

జొన్న, మొక్కజొన్న లాంటి సీ4 మొక్కలు వేరే ఎంజైముతో కార్బన్ డయాక్సైడ్‌ను పోగుచేసి రుబిస్కో చుట్టూ నింపుతాయి. అందుకే రంధ్రాలు కొద్దిగా తెరిచినా వాటికి సరిపోతుంది, నీరు ఆదా అవుతుంది. నాచు పూలు, బొగడబంతి ఈ కోవకే చెందుతాయి. నాచు మొక్క ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. నీరు బాగా తగ్గినప్పుడు కొంత కార్బన్ డయాక్సైడ్‌ను రాత్రి చల్లదనంలో పట్టి ఆమ్లంగా దాచుకుని పగలు వాడుకుంటుంది. మనం పప్పులో వేసుకునే గంగవాయిలి కూర దీనికి దగ్గరి చుట్టం. ఆ కూర మొక్కలో ఈ రెండు పద్ధతులూ ఒకే కణాల్లో కలిసి నడుస్తాయని యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2022లో వెల్లడించారు.

ఏవి ఎంచుకోవాలి?

రోజంతా ఎండ పడే చోటికి నాచు పూలే మొదటి ఎంపిక. ఇక్కడి వాళ్లు వీటిని 'నౌ బజియా' అంటారు, అంటే తొమ్మిది గంటల పువ్వు. చిన్న కొమ్మ గుచ్చినా వేళ్లూనుతుంది. బిలాస్‌పూర్ పరిసరాల్లో 'భాటా' అని పిలిచే గులకరాళ్ల ఎర్రనేల దీనికి సరిపోతుంది. వేసవిలో బీటలు వారే నల్లని 'కన్హార్' మట్టిలో అయితే ఇసుక కలపాలి. బొగడబంతి పూలు ఎండినా రంగు పోదు, దండలకు పనికొస్తాయి.

సీ3 మొక్కల్లోనూ గట్టివి ఉన్నాయి. కోడిజుట్టు పూలు, జినియా, గైలార్డియా, పసుపు కాస్మాస్ వేసవికి తగినవే. కాకపోతే వాటికి ఉదయపు ఎండ, మధ్యాహ్నం కాస్త నీడ దొరకాలి. బిళ్ళగన్నేరు నిజానికి బహువార్షికమే అయినా ఏడాది మొక్కలా పెంచుకోవచ్చు. ఎండను అది తట్టుకుంటుంది, వేర్ల దగ్గర నీరు నిలిస్తే మాత్రం కుళ్లిపోతుంది. పెట్యూనియా, ఫ్లాక్స్, పాన్సీ చలికాలపు పూలు. వాటిని ఏప్రిల్ తర్వాత నిలపాలని బకెట్లకొద్దీ నీళ్లు పోయడం వృథా.

ఎప్పుడు, ఎలా?

విత్తనం ఫిబ్రవరిలో చల్లి, మార్చి మొదట్లో నారు నాటాలి. వేర్లు లోతుకు దిగాకే ఎండలు ముదరాలి. నాచు విత్తనాలు మొలవడానికి వెలుతురు కావాలి కాబట్టి వాటిపై మట్టి కప్పకూడదు. నారును నీడ నుంచి ఎండకు రోజుకు కొంతసేపు చొప్పున అలవాటు చేయాలి. దీని వెనుకా శాస్త్రం ఉంది. ఓ మోస్తరు వేడి తగిలిన కణాలు మిగతా ప్రోటీన్లు చెడిపోకుండా కాపాడే ప్రత్యేక ప్రోటీన్లను తయారుచేసుకుంటాయి. ఇటలీ శాస్త్రవేత్త ఫెరుచ్చో రిటోస్సా 1962లో పండ్ల ఈగల్లో తొలిసారి గమనించిన ఈ స్పందన మొక్కల్లోనూ ఉంది.

నీళ్లు తెల్లవారుజామున, వేర్ల దాకా దిగేలా పోయాలి. పైపైన రెండు పూటలా చిలకరిస్తే వేర్లు పైనే ఉండిపోయి ఎండకు మాడతాయి. మొదట్లో ఎండుటాకులు, వరిగడ్డి రెండు అంగుళాల మందాన పరవండి. నల్ల ప్లాస్టిక్ కుండీలకు బయట తెల్ల సున్నం పూయండి, లేదా మట్టి కుండీ వాడండి. కూజాలో నీళ్లు చల్లబడినట్టే దాని గోడల గుండా నీరు ఆవిరై మట్టి చల్లబడుతుంది. అయితే అది త్వరగా ఆరిపోతుంది కనుక రోజూ చూడాలి.

మధ్యాహ్నం ఆకులు వాలితే వెంటనే చెంబు పట్టుకుని పరుగెత్తకండి. వేర్ల సరఫరా కంటే ఆవిరి ఎక్కువైన ఆ కాసేపు మొక్క వాలుతుంది, సాయంత్రానికి తేరుకుంటుంది. వేలు రెండు అంగుళాలు మట్టిలోకి దించి చూడండి. లోపల తడి ఉంటే నీళ్లు అక్కర్లేదు. వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. తడి మట్టిలోనే మళ్లీ నీళ్లు పోస్తే వేర్లకు ఊపిరాడదు.

మా అమ్మ బిళ్ళగన్నేరు రెండేళ్లు వరసగా పోయింది ఇలాగే. ఎండకు కాదు, ఆవిడ జాలికి. ఈ ఏడాది ఆవిడ మధ్యాహ్నాలు నీళ్లు పోయడం మానేసింది. రోజుకు రెండు బకెట్లు పట్టే తోటకు ఇప్పుడు ఒకటి చాలుతోంది. వేసవిలో ఒక బకెట్ నీళ్లంటే ఇక్కడ చిన్న విషయం కాదు. ఎండిన బొగడబంతి పూలను కాగితంలో పొట్లం కట్టి, మీద 'ఫిబ్రవరి' అని రాసి పెట్టింది. ఈసారి రైల్లో మొక్కలు ఆవిడ తెచ్చుకోదట. ఊళ్లో వాళ్లకే ఇక్కడి విత్తనాలు తీసుకెళ్తుందట.