ఫైబరు పెట్టె మీది దీపాలు ఏమి చెబుతున్నాయి?

సాయంకాలం పాలు పోసే వేళ ‘నెట్టు పోయిందండీ’ అని కార్యదర్శి అనగానే వరుసలో కలకలం బయలుదేరుతుంది. వెన్న శాతం సరిగా పడుతుందా, ఈ పూట పాలు లెక్కకు ఎక్కుతాయా అని సభ్యుల అనుమానం. ముందుగా ఒక సంగతి మనవి చేస్తున్నాము. పాలు తూచే కాటా, వెన్న చూసే యంత్రం సాధారణంగా తమ తీగలతో నేరుగా కంప్యూటరుకు కలిసి ఉంటాయి. నెట్టు లేకపోయినా కొలత మారదు. ఆగేది లెక్క పైకి వెళ్లడం మాత్రమే. చీటీ జాగ్రత్త చేసుకోండి.

ఇక గోడకున్న ఫైబరు పెట్టె సంగతి. దాని మీద నాలుగైదు చిన్న దీపాలుంటాయి. మొదటిది పవర్. అది ఆరి ఉంటే తక్కినవి చూడనక్కరలేదు. ప్లగ్గు, స్విచ్చు చూడాలి. అది వెలుగుతుంటే ఎల్.ఓ.ఎస్. దీపం చూడండి. ఇది ఆరి ఉంటేనే క్షేమం. ఎర్రగా వెలిగినా, మినుకుమన్నా బయటి నుంచి రావలసిన వెలుగు పెట్టెకు అందడం లేదని అర్థం.

ఫైబరు తీగలో పోయేది కరెంటు కాదు, వెలుగు. వెంట్రుకంత సన్నని గాజుపోగు గుండా అది వస్తుంది. పోగు తెగితే సరేసరి, గట్టిగా మడత పడినా వెలుగు పక్కకు జారిపోతుంది. కనుక తీగ మీద పాల క్యాను పెట్టారా, తలుపు సందున నలిగిందా, ఎలుక కొరికిందా చూడండి. ఊడిన కొసను మాత్రం కంటికి ఎదురుగా పట్టుకోవద్దు. అందులో వచ్చే 1490 నానోమీటర్ల లేజరు కనబడదు గాని కంటికి హాని చేయగలదు.

లోపల అంతా బాగుంటే లోపం వీధిలో ఉన్నట్లు. మన పల్లెలకు ఫైబరు చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే వస్తున్నది. పెనుమూడి వంటి కృష్ణ ఒడ్డు ఊళ్లలో పెద్దగాలి వస్తే దానికి దెబ్బే. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ వంటి తుపానుకు స్తంభం ఒరిగితే తీగ కూడా తెగవచ్చు. పక్కింటి పెట్టెలోనూ ఎర్రదీపమే ఉంటే, తెగినది మన గుమ్మం దగ్గర కాదని గ్రహించాలి.

ఎర్రదీపం లేదు, పి.ఓ.ఎన్. దీపం మాత్రం మినుకుమంటున్నదా? వెలుగు వస్తున్నది గాని అవతలి కేంద్రం పెట్టెను ఇంకా గుర్తించలేదు. కొద్ది నిమిషాలు ఆగండి. అది నిలకడగా వెలిగితే లాన్ దీపం చూడండి. ఆరి ఉంటే కంప్యూటరుకు వెళ్లే తీగ వదులైందేమో, టక్కుమనే వరకు నొక్కండి. లాన్ మినుకుమంటే భయం లేదు, సమాచారం నడుస్తున్నదని గుర్తు. అన్నీ సరిగా ఉన్నా లెక్క వెళ్లకపోతే చందా గడువు చూసుకోండి.

మాకు ఎక్కువ బాధ కలిగించేది వేరొకటి ఉన్నది. దీపం ఎర్రబడగానే ఎవరో ఒకరు పెట్టె వెనుక చిన్న రంధ్రంలో పుల్లతో పొడుస్తారు. అది రీసెట్ మీట. దానితో తెగిన తీగ అతకదు సరికదా, పెట్టెలోని అమరికలు చెరిగి, తీగ అతికిన తరువాత కూడా నెట్టు రాకపోవచ్చు. స్విచ్చు ఆపి అర నిమిషం తరువాత వేస్తే చాలు.

ఫిర్యాదు చేసేటప్పుడు ‘నెట్టు రావడం లేదు’ అని ఊరుకోవద్దు. ‘పవర్ వెలుగుతోంది, ఎల్.ఓ.ఎస్. ఎర్రగా ఉంది, పక్కింట్లోనూ అంతే’ అని చెప్పండి. లైను మనిషి నిచ్చెనతోనే బయలుదేరుతాడు.