మంచు కప్పిన ఇల్లు ఎందుకు కారుతుంది?

అమెరికాలోని మిన్నెసోటాలో చలికాలం రాత్రి ఉష్ణోగ్రత మైనస్ 15 డిగ్రీలకు పడిపోవడం మామూలే. అంత చలిలో కప్పు మీది మంచు కరగకూడదు కదా! మరి ఇంట్లో గోడల వెంట నీళ్లెందుకు కారతాయి?

తప్పు చలిది కాదు, హీటరుది. ఇంట్లోని వేడి పైకి లేచి, అటక సందుల్లోంచి కప్పును చేరుతుంది. అక్కడ మంచు అడుగునుంచి కరిగి, నీరై కిందికి జారుతుంది. చూరు మాత్రం గోడ దాటి బయటికి ఉంటుంది. దానికి ఇంటి వెచ్చదనం అందదు. చూరు చేరిన నీరు మళ్లీ గడ్డకట్టి, చిన్న ఆనకట్టలా అడ్డుపడుతుంది. దాని వెనక నీరు నిలుస్తుంది.

కప్పు మీది తారు పలకలు ఒకదానిపై ఒకటి ఎక్కి ఉంటాయి. జారిపోయే నీటిని అవి లోపలికి రానివ్వవు. నిలిచిన నీరు మాత్రం పలకల కిందికి ఎగబాకి లోపలికి దిగుతుంది.

సుత్తితో ఐసు పగలగొడితే పలకలూ పగులుతాయి. అసలు మందు అటకలోనే ఉంది. సందులు మూసి, నేలంతా దళసరిగా గాజుపీచు పరవాలి. బయటి చల్లగాలి అటకలోకి వచ్చిపోయేలా గాలిదారులు ఉంచాలి. వేడిని ఆపి చల్లగాలిని రానివ్వడం వింతగానే ఉంటుంది, కానీ కప్పు చల్లగా ఉంటేనే మంచు కరగదు. భారీగా మంచు పడినప్పుడు, పొడవాటి కర్ర ఉన్న పారతో నేలమీద నిలబడే చూరు దగ్గరి మంచును లాగేస్తారు.