మన వ్రాతను మనమే మరల సమర్పించవచ్చునా?

ఇతరుల వ్యాసాన్ని తన పేరిట సమర్పించుట తప్పని ఏ విద్యార్థికీ వేరుగా చెప్పనక్కరలేదు. కాని నిరుడు తానే శ్రమపడి వ్రాసిన వ్యాసాన్ని ఈ ఏడు మరొక అధ్యాపకునికి సమర్పించుట తప్పా, కాదా అని అడిగితే మనలో చాలమంది తడుముకొంటాము. ‘నా వ్రాత నాది; నా ఇంటిలో నేను దొంగనెట్లవుతాను?’ అనే ప్రశ్న సహజంగానే పుట్టుతుంది. ఉర్దూ, తెలుగు రెండు భాషలలోను చదువు సాగే కళాశాలలలో ఈ సమస్యకు ఒక ప్రత్యేక రూపం కూడ కలదు. కావున దీనిని కొంత విపులంగా పరిశీలించుట అవసరం.

ఒక ఉదాహరణను ఊహించుకొందాము. కోరుట్ల ప్రాంతంలో ఇండ్లలో కూర్చుండి బీడీలు చుట్టే స్త్రీలు ఎందరో కలరు. ఒక విద్యార్థిని పది ఇండ్లు తిరిగి, ఆకు, తంబాకు, కూలి లెక్కలను సేకరించి, అర్థశాస్త్రంలో ఉర్దూ భాషలో ఒక అసైన్‌మెంటు వ్రాసినదనుకొందాము. మరుసటి సెమిస్టరులో తెలుగు అధ్యాపకులు మన ప్రాంతపు శ్రామికులను గురించి వ్యాసం అడిగారు. ఆమె తన పాత వ్యాసాన్నే తెలుగు చేసి ఇచ్చినది. ఇది తప్పగునా?

దీనికి సమాధానం చెప్పుటకు ముందు, మార్కు అనగా ఏమో తెలిసికొనవలెను. మార్కు రచనకు చెల్లించే వెల కాదు. ఈ పాఠంలో, ఈ కాలంలో, ఈ విద్యార్థి ఇంత నేర్చినాడని అధ్యాపకుడు ఇచ్చే సాక్ష్యం అది. తెలుగు అధ్యాపకులు పరీక్షింపదలచినది తెలుగులో భావవ్యక్తీకరణ అయినచో, అనువాదం నిజంగా కొత్త శ్రమయే. ‘ఈ విషయం నేను ఇదివరకు ఉర్దూలో వ్రాసినది’ అని ఆమె ముందే తెలిపినచో అందులో దోషం లేదు. కాని ఆమె అదే ఉర్దూ వ్యాసాన్ని అట్ట మార్చి, శీర్షిక మార్చి, సమాజశాస్త్ర అధ్యాపకులకు కొత్త పరిశీలనగా ఇచ్చినచో సంగతి వేరు. అప్పుడు అధ్యాపకుడు తెలియకనే అబద్ధపు సాక్ష్యం ఇచ్చినవాడగును. వ్రాత ఆమెదే, సాక్ష్యం మాత్రం ఆమెది కాదు.

సిరిసిల్ల మగ్గాల నడుమ పెరిగిన విద్యార్థులకు ఈ తేడా సులభంగా బోధపడుతుంది. నేతగాడు తన నైపుణ్యాన్ని, తాను కల్పించిన అంచును ఎన్ని బట్టలలోనైనా వాడుకొనవచ్చును. ఎవరూ ఆక్షేపింపరు. కాని ఒకసారి కూలి తీసికొన్న బట్టనే మరల కొలిపించి రెండవ కూలి అడిగితే ఎవరు ఒప్పుకొందురు?

జగిత్యాలకు చేరువనున్న పొలాస వ్యవసాయ పరిశోధనా స్థానం కూడ మనకు ఒక పాఠం చెప్పుతున్నది. అక్కడ రూపొందిన జగిత్యాల సన్నాలు, అనగా జె.జి.యల్. 1798 అనే వరి రకం, సాంబ మసూరి, కావ్య రకాల సంకరం వలన పుట్టినది. పాత రకాలను వాడుకొనక కొత్త రకం రాదు. అయితే శాస్త్రజ్ఞులు తల్లిదండ్రుల పేర్లను దాచరు. వాటిని రికార్డులో వ్రాసి చూపుదురు. పాత విత్తనాన్నే కొత్త సంఖ్యతో విడుదల చేయుట మాత్రం శాస్త్రం కాదు.

సాహిత్యంలోను ఇట్టి ఉదాహరణలు కలవు. నేటి రాజన్న సిరిసిల్ల జిల్లాలోని హనుమాజిపేటలో 1931లో జన్మించి, ఉర్దూ మాధ్యమంలో చదువుకొన్న డాక్టర్ సి. నారాయణరెడ్డి గారి ‘ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు’ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందిన సిద్ధాంత వ్యాసం, అదే తరువాత గ్రంథమై పాఠకులకు అందినది. ప్రేమ్‌చంద్ ‘బాజారె హుస్న్’ అనే నవలను ఉర్దూలో వ్రాయగా, అది ‘సేవాసదన్’ అనే పేరుతో ముందుగా హిందీలో వెలువడినది. వీటిలో మోసం లేదు. సిద్ధాంత వ్యాసం గ్రంథమైనప్పుడు ఎవరూ రెండవ డాక్టరేటు కోరలేదు. నవల భాష మారినప్పుడు కొత్త పాఠకులు లభించిరేగాని, ఎవరినీ వంచించుట జరుగలేదు.

పరిశోధనా రంగంలో ఈ విషయమై నియమాలు ఏర్పడినవి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో గ్రంథచౌర్య నివారణ నియమావళిని వెలువరించినది. సిద్ధాంత వ్యాసంలో పోలిక నూటికి 10 వరకు ఉన్నచో శిక్ష లేదు. నూటికి 60 మించినచో విద్యార్థి రిజిస్ట్రేషనే రద్దగును. తరువాత 2020 ఏప్రిల్‌లో అదే సంఘం మరొక ప్రకటన చేసినది. తాను లోగడ ప్రచురించిన రచనను సరియైన ప్రస్తావన లేక కొత్తదిగా చూపి విద్యాసంబంధమైన లాభం పొందుట అంగీకారయోగ్యం కాదని దాని సారాంశం. అయితే ఈ ప్రకటన ప్రచురిత రచనలకు సంబంధించినది. తరగతిలోని అసైన్‌మెంటుల సంగతి కళాశాలలే నిర్ణయించుకొనవలసి యున్నది.

ఇక్కడ విద్యార్థుల కష్టాన్ని కూడ గుర్తింపవలెను. పగలు తరగతి, రాత్రి మగ్గం లేక బీడీల చాట, ఇదీ కొందరి దినచర్య. అట్టివారికి పాత నోటుపుస్తకం ఆకర్షణగా కనిపించుటలో వింత లేదు. మరియు ఏటేట అవే విషయాలను మార్చక ఇచ్చే అధ్యాపకులు, మరల అదే వ్యాసం వచ్చినదని కోపగించుకొనుట న్యాయం కాదు. తప్పిన విద్యార్థి అదే పేపరును మరల వ్రాయుచు, తన పాత వ్యాసంలోని లోపాలను దిద్దుకొనుట చౌర్యం కాదు, అది విద్యయే. కావున శిక్షకు ముందు స్పష్టత కావలెను.

కళాశాల కమిటీ వారికి మా సూచనలు మూడు. మొదటిది, ప్రతి అసైన్‌మెంటు మొదటి పుటలో ‘ఇందులోని ఏ భాగమైనా ఇదివరకు ఎక్కడైన సమర్పించినదా?’ అనే పంక్తి ఉర్దూలోను, తెలుగులోను ఉండవలెను. రెండవది, సంవత్సరారంభంలో అన్ని శాఖల అధ్యాపకులు తమ విషయాల పట్టికలను పరస్పరం చూచుకొనవలెను. మూడవది, అవును అని నిజం వ్రాసిన విద్యార్థికి మార్కులు కోయరాదు. కొత్తగా చేర్చవలసినదేమో చెప్పి అవకాశం ఇవ్వవలెను. నిజం చెప్పినందుకు నష్టపోయినవాడు రెండవసారి నిజం చెప్పడు.

విద్యార్థి మిత్రులారా! పాత వ్రాతను పారవేయనక్కరలేదు. దానిని పునాదిగా చేసికొనండి. పది ఇండ్లు చూచినవారు మరి పది ఇండ్లు చూడండి, లెక్కలు మారినవేమో పరిశీలించండి, నిరుటి అభిప్రాయంలో పొరపాటున్నచో దిద్దండి. అటుపై ఎంత భాగం పాతదో, ఎంత కొత్తదో అధ్యాపకునికి విన్నవించండి. ఆ ఒక్క వాక్యం వ్రాయుటకు సంకోచం కలిగినచో, ఆ వ్యాసాన్ని ఇంకను సమర్పింపరాదని గ్రహించండి.