దొడ్డి కొబ్బరికి మొవ్వుకుళ్ళు గండం
వానాకాలంలో తొలి ఆకు వాలినప్పుడే చూసుకోవాలి

అమలాపురం: కోనసీమలో ఇంటి వెనుక నాలుగు కొబ్బరి చెట్లయినా లేని సంసారం అరుదు. ఎకరాల తోట ఉన్న రైతుకు ఒక చెట్టు పోతే లెక్కలో ఒకటి తగ్గుతుంది. దొడ్లో నాలుగే ఉన్నవారికి ఒకటి పోతే పావువంతు ఆస్తి పోయినట్టు. దింపు తీసిన రోజున వచ్చే డబ్బుతో ఉప్పూ పప్పూ తెచ్చుకొనే ఇళ్ళు ఈ ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నాయి. పొయ్యిలోకి మట్టలు, డొక్కలు, చీపురుకు ఈనెలు, కూరలోకి కాయ, అన్నీ ఆ చెట్టు ఇచ్చేవే. అటువంటి చెట్టును నిలువునా చంపే జబ్బు మొవ్వుకుళ్ళు తెగులు. తోటల్లో దీనిమీద కాస్తో కూస్తో నిఘా ఉంటుంది. దొడ్లలోనే ఉండదు.

మామిడి చెట్టుకు ఒక కొమ్మ ఎండితే ఇంకో కొమ్మ చిగురిస్తుంది. కొబ్బరికి ఆ అదృష్టం లేదు. దానికి కొమ్మలు లేవు, ఉన్నది ఒకే ఒక మొవ్వు. ఆకు రావాలన్నా, గెల రావాలన్నా అక్కడినుంచే. అది పూర్తిగా కుళ్ళిందంటే కింద ఎంత బలమైన మాను ఉన్నా, ఎన్ని వేళ్ళు ఉన్నా ప్రయోజనం లేదు. ఎరువులు వేసినా, నీళ్ళు కట్టినా ఆ చెట్టు తిరిగి లేవదు.

పైకి పచ్చగా ఉండి మోసం

ఈ తెగులుతో వచ్చిన చిక్కు ఏమిటంటే, చెట్టు చాలాకాలం బాగున్నట్టే కనిపిస్తుంది. ముందుగా నడిమధ్యన నిటారుగా ఉండే లేత ఆకు రంగు తగ్గి, పాలిపోయి, గోధుమ రంగుకు తిరిగి ఒక పక్కకు వాలుతుంది. చేత్తో లాగితే ఊడి వస్తుంది. మొదలు మెత్తగా కుళ్ళి దుర్వాసన కొడుతుంది. ఆ తరువాత దాని చుట్టూ ఉన్న లేత ఆకులు ఒకటొకటిగా పోతాయి. కింది వరుస ముదురు ఆకులు మాత్రం నెలల తరబడి పచ్చగానే ఉంటాయి. గెలలు కూడా వేలాడుతూ ఉంటాయి. కింద నిలబడి చూసేవారు కాయ ఉంది కదా, చెట్టుకేమైందని ఊరుకుంటారు. తల బోడిగా కనిపించేనాటికి లోపల మిగిలేది ఏమీ ఉండదు.

అందువల్ల ఈ జబ్బును మొదట కనిపెట్టగలవాడు దింపు తీసే మనిషే. కాయ కోసి దిగిపోవడంతో సరిపెట్టక, మొవ్వు ఆకును ఒకసారి పట్టి చూడమని అతనికి చెప్పుకోవాలి. ఇప్పుడు చెట్టెక్కే మనుషులే దొరకడం లేదన్న మాట నిజమే. దొరికినప్పుడైనా ఆ పని చేయించుకోకపోతే ఎలా? ఆ కాస్త పనికి పది రూపాయలు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

వానలు విడవకుండా పట్టి, గాలిలో తేమ నిండి, వాతావరణం చల్లబడిన రోజుల్లో తెగులు జోరందుకొంటుంది. ముసలి చెట్లకన్నా లేత చెట్లకు ప్రమాదం ఎక్కువ. కొమ్ము పురుగు తొలిచిన మొవ్వులో కుళ్ళు సులువుగా దూరుతుంది. కుళ్ళిన వాసనకు ఎర్ర ముక్కు పురుగు కూడా వచ్చి చేరుతుంది.

గోదావరి గడ్డమీద పేరు పెట్టిన తెగులు

ఈ జబ్బుకు కారణమైన సూక్ష్మజీవి చరిత్రలో గోదావరి డెల్టాకు చోటున్నదని చాలామందికి తెలియదు. గడిచిన శతాబ్దం తొలి సంవత్సరాలలో ఇక్కడి తాటిచెట్లు మొవ్వు కుళ్ళి గుంపులుగా చనిపోయాయి. కొబ్బరికీ పాకింది. అప్పటి ప్రభుత్వ శాస్త్రజ్ఞుడు ఎడ్విన్ బట్లర్ ఈ తెగులును పరిశోధించి, 1907లో ఆ జీవికి పేరు పెట్టారు. ఇప్పుడు దానిని ఫైటోఫ్తోరా పాల్మివోరా అంటున్నారు. తాటి జాతిని తినేదని ఆ రెండో మాటకు అర్థం. మందులు అంతగా లేని ఆ రోజుల్లో తెగులు చెట్ల తలలు నరికించి కాల్పించడమే ప్రభుత్వం చేయగలిగిన పని. నేటికీ పూర్తిగా పోయిన చెట్టుకు అంతకు మించిన వైద్యం లేదు.

తొలి దశలో పట్టుకొంటే మాత్రం చెట్టు దక్కుతుంది. కుళ్ళిన భాగాన్ని పదునైన కత్తితో తెల్లని మంచి కండ కనిపించేదాకా కోసి తీసివేయాలి. ఆ గాయానికి బోర్డో పేస్టు పట్టించి, వాన నీరు దిగకుండా వెడల్పు మూతి కుండ బోర్లించాలి, లేదా ప్లాస్టిక్ కాగితం గొడుగులా కట్టాలి. కొత్త మొవ్వు తల ఎత్తేవరకు అది తీయరాదు. కోసిన ముక్కలు కాలువలోనో పెంటకుప్పలోనో పారవేయడం తగదు, కాల్చివేయాలి. కత్తిని కూడా నిప్పుమీద కాల్చి గాని మరో చెట్టుకు వాడకూడదు. కొత్తగా వచ్చే ఆకులు మొదట్లో కురచగా, చిరిగినట్టుగా ఉంటాయి. అది చూసి దిగులు పడనక్కరలేదు.

బోర్డో మందును ఇంటివద్దనే తయారు చేసుకోవచ్చు. ఫ్రాన్సులో ద్రాక్ష తోటల కోసం 1885లో వెలుగులోకి వచ్చిన మందు ఇది. దారిపక్క ద్రాక్షపళ్ళు దొంగలు కోసుకుపోకుండా పూసిన నీలిరంగే తెగులునూ ఆపిందట! పేస్టుకు 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీటిలోనూ, 100 గ్రాముల పొడి సున్నం మరో అర లీటరులోనూ కరిగించి రెండూ కలపాలి. చుట్టుపక్కల చెట్లపై చల్లడానికైతే అవే పాళ్ళు అయిదేసి లీటర్ల నీటిలో కరిగించి, తుత్తం నీటిని సున్నపు నీటిలోకి పోస్తూ కలపాలి. పాత్ర మట్టిదో ప్లాస్టిక్‌దో కావాలి, ఇనుముది పనికిరాదు. శుభ్రమైన ఇనుప మేకు ముంచి తీస్తే దానిపై ఎర్రని రాగి పూత పడితే సున్నం చాలలేదన్నమాట, ఇంకొంత కలపాలి. కలిపిన నాడే వాడుకోవాలి. మందు చల్లకముందే కోతకు వచ్చిన కాయలు దింపుకోవాలి.

జబ్బు రాకముందు చేసుకొనే పని ఇంకా తేలిక. చెట్టుకు రెండు చిన్న ప్లాస్టిక్ పొట్లాలు, ఒక్కొక్కదానిలో 5 గ్రాముల మాంకోజెబ్ పొడి పోసి, సూదితో చిల్లులు పొడిచి, మొవ్వు పక్క ఆకుల మొదళ్ళలో కట్టాలి. వాన పడినప్పుడల్లా మందు కొద్దికొద్దిగా మొవ్వులోకి దిగుతుంది. రోహిణి కార్తెలో దింపు తీయించేవారు అదే ఎక్కుడులో ఈ పని పూర్తి చేయించవచ్చు.

తాళం వేసిన దొడ్లు

అసలు ఇబ్బంది పక్క దొడ్డితో వస్తున్నది. ఇంటివారు హైదరాబాదులోనో, గల్ఫ్ దేశాల్లోనో ఉంటారు. వెనుక దొడ్లో మొవ్వు పోయిన చెట్టు మోడులా నిలిచి ఉంటుంది. వాన జల్లుకూ గాలికీ అక్కడి తెగులు ఇవతలి దొడ్డికి వస్తుంది. ఇవతలివారు ఎంత మందు చల్లినా ఏటా అదే తంతు. యజమానికి ఫోను చేసి అనుమతి తీసుకొని, వీధివారే తలా కొంత వేసుకొని ఆ చెట్టు తల నరికించి కాల్చడం మంచిది. దీనికి మొగమాటపడితే నష్టపోయేది వీధి మొత్తం.

ఇసుక నేలల్లో మరో తెగులును కూడా దీనితో కలిపి పొరబడుతుంటారు. గానోడెర్మా, అంటే సిగ తెగులు, తలనుంచి కాక వేళ్ళనుంచి వస్తుంది. మాను అడుగున ఎర్రని బంక కారుతుంది, తరువాత మొదట్లో పుట్టగొడుగులు లేస్తాయి. దీనికి పైన మందు చల్లితే వృథా. చెట్టుకు 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా కలిపి పాదులో వేయాలి, జబ్బు చెట్టు చుట్టూ కందకం తీసి పక్క చెట్ల వేళ్ళతో సంబంధం తెంచాలి. పాత కరపత్రాలు చూసి కొందరు వేరు ద్వారా ఎక్కించడానికి కాలిక్సిన్ కోసం అడుగుతుంటారు. అందులోని ట్రైడిమార్ఫ్‌ను కేంద్ర ప్రభుత్వం 2018లో నిషేధించింది. ఎవరైనా పాత సీసా ఇచ్చినా తీసుకోరాదు. ఏ తెగులో తేల్చుకోలేనివారు కుళ్ళిన ఆకు మొదలు గాని, బంక కారే చోటి ఫొటో గాని తీసుకొని అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానానికి వెళ్ళవచ్చు.

సిగ తెగులుతో పోయిన చెట్టు మొద్దును, వేళ్ళను తవ్వి తీసి కాల్చకుండా అదే గుంటలో కొబ్బరి మొక్క పెట్టకూడదు. మిగిలిన చెట్ల నడుమ అరటి వేసుకుంటే తెగులు పాకడం తగ్గుతుంది, ఇంటికి గెల కూడా దక్కుతుంది.